మూడు నిమిషాల పాట వెనక

పాప్ సంగీతం అంటే ఏమిటని అడిగితే మన దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. ఇంగ్లీషులో ఉండి డ్రమ్స్ గట్టిగా మోగితే పాప్ అని కొందరంటారు. జనం ఎగబడి వినేదంతా పాపేనని ఇంకొందరంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది గానీ ఏదీ పూర్తిగా నిలబడదు. భజన పాటలు కోట్లమంది వింటారు, బతుకమ్మ పాటలు ఊరూరా మోగుతాయి. వాటినెవరూ పాప్ అనరు. పోనీ ఫలానా తాళమో, ఫలానా వాయిద్యమో ఉంటే పాప్ అందామా అంటే, 1955 నాటి పాప్ పాటకూ 2015 నాటి పాప్ పాటకూ వాయిద్యాల్లో పోలికే కనిపించదు.

ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడానికి కారణం పాట పుట్టే పద్ధతిలో ఉంది. త్యాగరాజ కృతిని వందమంది వంద రకాలుగా పాడొచ్చు. ఎవరి మనోధర్మం వారిది, కృతి మాత్రం ఒక్కటే. జానపద గీతానికి కర్త ఎవరో తెలియదు, ఊరు దాటితే మాటలు మారతాయి. పాప్ పాట దారి వేరు. అది స్టూడియోలో మైకు ముందు తయారై రికార్డుగా బయటికొస్తుంది. ఆ రికార్డే అసలు పాట. తర్వాత ఇంకెవరైనా పాడితే దాన్ని 'కవర్' అంటారు, అంటే మూలం మరొకటి ఉందని ఒప్పుకున్నట్టే. పైగా దాన్ని ఒక ఊరి కోసమో, పండగ కోసమో, గుడి కోసమో కట్టరు. ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కసారి విని, మళ్లీ వినాలనుకుని, డబ్బు పెట్టి కొనాలి. అందుకని పొట్టిగా ఉండాలి, తొందరగా నోటికి రావాలి, సంగీతం నేర్వని గొంతు కూడా కూనిరాగం తీయగలగాలి. నా దృష్టిలో పాప్‌కు నిర్వచనం ఇంతే. మిగతా లక్షణాలన్నీ దీని నుంచి వచ్చినవే.

తెలియని మనిషికి పాట అమ్మే ఈ పద్ధతి రికార్డులు జనంలోకి రాకముందే, కాగితం మీద మొదలైంది. 19వ శతాబ్దం చివరి నాటికి అమెరికా మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చేసింది. కొత్త పాట కావాలంటే దాని మాటలూ స్వరాలూ అచ్చేసిన కాగితాలు కొనుక్కెళ్లి ఇంట్లో వాయించుకునేవారు. టాకీసుల బయట అమ్మిన మన సినిమా పాటల పుస్తకాల్లాంటివే అవి, కాకపోతే స్వరలిపి కూడా ఉండేది. ఈ కాగితాలు అచ్చువేసే కంపెనీలు న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ 28వ వీధిలో ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. ప్రతి గదిలోనూ ఒక పియానో, దాని ముందు ఒక బాణీకర్త. ఆ రొద రేకు గిన్నెలు మోగించినట్టు ఉందని ఆ వీధికి 'టిన్ పాన్ ఆలీ' అని పేరు పడిందంటారు.

1892లో చార్లెస్ కె. హారిస్ అనే ఆయన 'ఆఫ్టర్ ది బాల్' అనే పాట ప్రచురించాడు. ఆయన ఉండేది మిల్వాకీలో. ఊరూరా తిరిగే ఒక నాటక బృందంలో పేరున్న గాయకుడికి డబ్బు ముట్టజెప్పి తన పాటను నాటకం మధ్యలో పాడించాడు. జనం వెర్రెత్తిపోయారు. ఆ పాట కాగితాలు లక్షల్లో అమ్ముడయ్యాయి. పాట బాగుండటం ఒక ఎత్తు, దాన్ని జనం చెవిన వేయడం ఇంకో ఎత్తు అని ప్రచురణకర్తలకు అప్పుడు అర్థమైంది. దాంతో పాటల ప్రచారానికే మనుషుల్ని పెట్టుకున్నారు. వీళ్లను 'సాంగ్ ప్లగ్గర్లు' అనేవారు. దుకాణాల్లో, హోటళ్లలో, నాటకశాలల్లో కూర్చుని రోజంతా తమ కంపెనీ పాటలే వాయించడం వీళ్ల ఉద్యోగం. తర్వాతి రోజుల్లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జార్జ్ గెర్ష్విన్ 1914లో, పదిహేనేళ్ల వయసులో, చదువు మానేసి చేరింది ఈ ఉద్యోగంలోనే.

పాటకు మూడు నిమిషాల కొలత ఎలా వచ్చిందన్నది తెలిస్తే పాప్ సగం అర్థమైనట్టే. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేశాడు. పదేళ్లకు ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు డిస్కుతో గ్రామఫోన్ తెచ్చాడు. నిమిషానికి సుమారు 78 సార్లు తిరిగే పది అంగుళాల లక్క రికార్డు మీద ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలే. అంతకంటే పొడుగు పాడితే గాడి అయిపోతుంది. ఈ నిబంధన పెట్టింది ఏ సంగీత శాస్త్రమూ కాదు, ఒక పలక. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు గంటసేపు సాగాల్సిన రాగాన్ని ఆ కాస్త వ్యవధిలోకి కుదించాల్సి వచ్చింది. మన శాస్త్రీయ సంగీతానికి అది ఇబ్బంది అయింది. పాప్‌కు మాత్రం అదే వరమైంది. ఆలాపనకు చోటు లేదు గనక పాట నేరుగా విషయంలోకి వస్తుంది. ముందు చిన్న బిట్, ఒక చరణం, వెంటనే పల్లవి. మన పాటల్లో పల్లవి ముందు వస్తుంది. వాళ్ల పాటల్లో చాలావరకు చరణం కథ చెబుతుంది, పల్లవి కోసం ఎదురుచూసేలా చేస్తుంది, పల్లవి రాగానే అందరూ గొంతు కలుపుతారు. రెండు చరణాల తర్వాత కొత్త వరసలో ఒక చిన్న మలుపు పెడతారు, దాన్ని 'బ్రిడ్జ్' అంటారు. చెవి కాస్త అలసే చోట అది వస్తుంది, మళ్లీ పల్లవి కొత్తగా వినిపిస్తుంది. వీటన్నిటి మధ్య ఎక్కడో ఒక చిన్న ముక్క ఉంటుంది: మాట కావచ్చు, గిటారు బిట్ కావచ్చు, ఒక 'ఓహో' కావచ్చు. పాట అయిపోయాక కూడా మనసులో తిరుగుతూ ఉండేది అదే. దాన్ని 'హుక్' అంటారు.

1925లో మైకుతో రికార్డు చేయడం వచ్చింది. అంతకు ముందు గాయకులు పెద్ద బూరలాంటి గొట్టంలోకి గొంతు చించుకుని పాడితేనే సూది గీత గీసేది. మైకు వచ్చాక గుసగుస కూడా రికార్డయింది. బింగ్ క్రాస్బీలాంటి గాయకులు శ్రోత పక్కనే కూర్చుని చెబుతున్నట్టు పాడటం మొదలుపెట్టారు. రేడియో ఆ గొంతును ఇంట్లోకి తీసుకొచ్చింది. వేలమంది ఒకేసారి వింటున్నా, పాట నా ఒక్కడి కోసమే పాడినట్టు అనిపించడం పాప్‌కు అప్పటినుంచి ప్రాణం.

కొలత పలక ఇచ్చింది, గొంతు మైకు ఇచ్చింది. మరి ఆ ఊపు ఎవరిచ్చారు? ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ బాకీని చాలాకాలం ఎవరూ ఒప్పుకోలేదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వారసులు అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో, చర్చిల్లో, ఊరవతలి సారా దుకాణాల్లో కాపాడుకున్న సంగీతం అది. ఒకరు అందుకుంటే మిగతావారు బదులిచ్చే పద్ధతి, స్వరాన్ని నిక్కచ్చిగా పట్టుకోకుండా కాస్త కిందికి జార్చే తీరు, నాలుగు దెబ్బల లెక్కలో రెండో దెబ్బనూ నాలుగో దెబ్బనూ గట్టిగా కొట్టే నడక, ఇవన్నీ అక్కడివే. ఇవాళ ఏ దేశపు పాప్ పాట పెట్టినా చాలావరకు ఆ రెండో దెబ్బ, నాలుగో దెబ్బ వినిపిస్తాయి.

1920 ఆగస్టులో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని 'క్రేజీ బ్లూస్' రికార్డు చేసింది. అది విరగబడి అమ్ముడయ్యాక కంపెనీలు నల్లవాళ్ల పాటలకు వేరే జాబితా తెరిచి వాటికి 'రేస్ రికార్డులు' అని పేరు పెట్టాయి. పాటకూ కులం అంటగట్టినట్టే. 1949లో, పాటలకు ర్యాంకులిచ్చే 'బిల్‌బోర్డ్' పత్రిక తన జాబితాకు ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. పేరు మారింది గానీ గోడ అలాగే ఉంది. బిగ్ మామా థార్న్‌టన్ పాడిన 'హౌండ్ డాగ్' 1953లో నల్లవాళ్ల జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తనకు దాని మీద వచ్చింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆవిడ తర్వాత చెప్పుకుంది. అదే పాటను 1956లో పాడిన ఎల్విస్ ప్రెస్లీ లోకమంతటికీ తెలిశాడు. లిటిల్ రిచర్డ్ 'టూటీ ఫ్రూటీ' పాప్ జాబితాలో 17వ స్థానం దగ్గర ఆగిపోతే, అదే పాటను మర్యాదగా, ఊపు తగ్గించి పాడిన పాట్ బూన్ రికార్డు 12వ స్థానానికి వెళ్లింది. రెండూ ఇప్పటికీ దొరుకుతాయి, వెంటవెంటనే విని చూడండి. ఏది పాటో, ఏది దాని నీడో చెప్పడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు.

పాప్ అనే మాట ఇప్పటి అర్థంలో స్థిరపడింది ఈ 1950ల్లోనే. యుద్ధం అయిపోయింది, అమెరికాలో కుర్రకారు చేతిలో సొంత డబ్బు ఆడింది. 1949లో ఏడంగుళాల 45 ఆర్‌పీఎం సింగిల్ వచ్చింది, తేలిక, చవక, పగలదు. 1954లో ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది, నాన్నగారి అనుమతి లేకుండా మంచం మీద పడుకుని పాట వినొచ్చు. బ్రిటన్‌లో 1952 నవంబరులో, అమెరికాలో 'హాట్ 100' పేరుతో 1958 ఆగస్టులో వారం వారం ర్యాంకులు ఇచ్చే జాబితాలు స్థిరపడ్డాయి. పాటను పాటతో పోటీ పెట్టి, ఈ వారం రాజు ఎవరని అడగడం అప్పటినుంచి పాప్‌లో భాగమైపోయింది.

ఇవన్నీ ఒకే చోట కలిసి పనిచేయడం చూడాలంటే డెట్రాయిట్ వెళ్లాలి. బెర్రీ గోర్డీ అనే నల్లజాతి యువకుడు అక్కడ జాజ్ రికార్డుల కొట్టు పెట్టి మునిగాడు, ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేశాడు. 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డు కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో మామూలు ఇల్లు ఒకటి కొని, వెనక భాగాన్ని స్టూడియో చేశాడు. కార్ల ఫ్యాక్టరీలో నేర్చుకున్నది అక్కడ అమలుపెట్టాడు. రాసేవాళ్లు రాస్తారు, వాయించేవాళ్లు వాయిస్తారు, పాడేవాళ్లకు నడక, కూర్చునే తీరు, మాట్లాడే తీరు నేర్పడానికి మాక్సీన్ పావెల్ అనే టీచర్ ఉండేది. శుక్రవారాలు నాణ్యత పరీక్ష సమావేశం. కొత్త రికార్డు వేసి అందరినీ ఓటు అడిగేవాడు. జేబులో ఆఖరి డాలరుంటే ఈ రికార్డు కొంటారా, శాండ్‌విచ్ కొంటారా? ఇదీ ఆయన ప్రశ్న. పాటను పెద్ద స్పీకర్లలోనే కాక కారు రేడియోకు ఉండేంత చిన్న స్పీకర్లో కూడా వేసి చూసేవారు, జనం వినేది అందులోనే గనక.

ఫ్యాక్టరీలో కట్టిన పాటకు ప్రాణం ఉండదని అనుకునేవారు 'మై గర్ల్' వినాలి. ద టెంప్టేషన్స్ పాడిన ఈ పాటను స్మోకీ రాబిన్సన్, రోనాల్డ్ వైట్ రాశారు. 1964 డిసెంబరులో విడుదలై తర్వాతి మార్చిలో మొదటి స్థానానికి చేరింది. మొదట బేస్ గిటారు ఒక్కటే వినిపిస్తుంది, గుండె కొట్టుకుంటున్నట్టు, తొందర లేకుండా. దాని మీద గిటారు మెట్లెక్కుతూ వస్తుంది. ఆ మెట్లు సరిగ్గా స రి గ ప ద స. మన మోహన రాగం ఆరోహణ. డెట్రాయిట్ వాద్యకారుడు రాబర్ట్ వైట్ మోహన విని వాయించాడని కాదు. ఆ అయిదు స్వరాలు లోకంలో చాలా జాతుల చెవికి ఇంపైనవి. అదే మెట్ల వరసను వెంటనే మధ్యమం నుంచి మళ్లీ ఎక్కిస్తాడు. ఈలోగా చిటికెలు మొదలవుతాయి. డేవిడ్ రఫిన్ గొంతు కాస్త బొంగురుగా, దాచుకోలేని సంతోషంతో వస్తుంది. పాట సాగినకొద్దీ ఇత్తడి వాయిద్యాలు, తర్వాత వయొలిన్లు చేరతాయి. చివరి చరణం ముందు శ్రుతి మొత్తం ఒక మెట్టు పైకి వెళుతుంది. ఎవరూ అరవలేదు, వేగం పెరగలేదు, అయినా ఆనందం రెట్టింపైనట్టు ఉంటుంది. ఇదంతా మూడు నిమిషాల లోపే.

ఆ బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగ మీటేవాడు. రాబర్ట్ వైట్, డ్రమ్మర్ బెన్నీ బెంజమిన్, పియానో మీద ఎర్ల్ వాన్ డైక్, వీళ్లందరినీ కలిపి 'ఫంక్ బ్రదర్స్' అనేవారు. రాత్రి క్లబ్బుల్లో జాజ్ వాయించే ఉద్దండులు పగలు మోటౌన్ స్టూడియోలో పాటకింత అని డబ్బు తీసుకునేవారు. ఏళ్ల తరబడి రికార్డు అట్టల మీద వీళ్ల పేర్లు లేవు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ అట్ట మీద అవి మొదటిసారి అచ్చయ్యాయి. జేమర్సన్ 1983లో పోయాడు; రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను చేర్చుకున్నది 2000లో. పాప్ గురించి నాకున్న అసంతృప్తి ఇదొక్కటే, కానీ చిన్నది కాదు. ఇంతమంది కలిసి చేసిన పనిని ఒక ముఖానికి అంటించి అమ్మడం దాని పుట్టుకలోనే ఉంది.

మోటౌన్ పాటలను సముద్రం అవతల శ్రద్ధగా విన్నవాళ్లలో లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురున్నారు. బీటిల్స్ 1963 నవంబరులో తెచ్చిన రెండో ఆల్బమ్‌లో మూడు పాటలు మోటౌన్‌వే. 1964 ఫిబ్రవరి 9న వాళ్లు అమెరికా టీవీలో ఎడ్ సలివాన్ షోలో పాడితే 7.3 కోట్లమంది చూశారు. రెండేళ్లకు కచేరీలు మానేసి స్టూడియోలోనే ఉండిపోయారు, వేదిక మీద వాయించడం సాధ్యం కాని పాటలు చేశారు. రికార్డే అసలు పాట అన్న సూత్రం అక్కడ పరాకాష్ఠకు చేరింది. ఆ తర్వాత గంభీరమైనదంతా 'రాక్' అనీ, తేలికైనదంతా 'పాప్' అనీ విమర్శకులు విడదీశారు. ఆ విభజన నాకు నచ్చదు. పాప్‌ను చులకన చేయడంలో, దాన్ని ఎక్కువగా అభిమానించేది ఆడపిల్లలు అన్న చులకన కూడా కలిసి ఉంది. బీటిల్స్‌ను మొదట గుర్తించి నెత్తిన పెట్టుకున్నది ఆ అమ్మాయిలే.

ఆ తర్వాతి కథ చాలావరకు మీకు తెలిసిందే. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలై పాటకు ముఖమూ ఆటా తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది చివర మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వచ్చింది. ఆయన పిల్లవాడిగా మొదట వెలిగిందీ మోటౌన్‌లోనే. ఇవాళ స్పాటిఫైలో పాటను కనీసం 30 సెకన్లు వింటేనే ఒక లెక్క కింద పడుతుంది. అందుకని ఇంట్రోలు కరిగిపోయాయి, పల్లవి ముందుకు జరిగింది. లక్క పలక చేసిన పనినే ఇప్పుడు ఫోను చేస్తోంది.

తెలుగులో పాప్ ఎందుకు వేళ్లూనుకోలేదని అడుగుతుంటారు. నిజానికి మొలకెత్తింది. 1940ల్లో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి సినిమాతో సంబంధం లేకుండా గ్రామఫోన్ కోసమే పాడిన పాటలు ఇంటింటా మోగాయి. వాటిని ప్రైవేటు పాటలు అనేవారు. ఘంటసాల, ఎం.ఎస్. రామారావు కూడా పాడారు. మూడు నిమిషాలు, ఒక గొంతు, రేడియోలో వినేవాడి చెవి పక్కన చెప్పే ప్రేమకథ: పైన చెప్పిన నిర్వచనానికి అవి సరిగ్గా సరిపోతాయి. ఆకాశవాణి లలిత సంగీతం వాటికి తోబుట్టువు. అయితే సినిమాకు డబ్బు, తెర, తారలు ఉన్నాయి. 1952 తర్వాత కేంద్రమంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే, జనం రేడియో సిలోన్‌కు మళ్లారు గానీ సినిమా పాటను వదల్లేదు. 1957లో వివిధ భారతి మొదలుపెట్టి ఆకాశవాణే దిగివచ్చింది. అప్పటినుంచి మన పాప్ అంటే సినిమా పాటే. 2000లో స్మిత 'హాయ్ రబ్బా' లాంటి ఆల్బమ్‌లు వచ్చి కొంతకాలం మెరిశాయి. ఇప్పుడు యూట్యూబ్ పుణ్యమా అని సినిమా లేకుండానే తెలంగాణ పల్లె బాణీల పాటలు కోట్ల వ్యూస్ తెచ్చుకుంటున్నాయి. వాటిని తయారుచేసే తీరు చూస్తే అవి అచ్చంగా పాప్ పాటలే.

చివరగా ఒక మాట. మీ ఇంట్లో అటక మీద తాతల నాటి 78 రికార్డులు ఉంటే పాత సామాన్ల వాడికి వేయకండి. లక్కవి, చేయి జారితే పెంకుల్లా పగులుతాయి; ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా, ఎండ తగలని చోట పెట్టండి. మధ్యలో ఉన్న లేబుల్‌కు ఫోటో తీయండి: పాడినవారు, రాసినవారు, రికార్డు నంబరు. వయొలిన్ ఎవరు, తబలా ఎవరు అన్నది చాలా లేబుళ్ల మీద ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ సంగతి తెలిసుంటే ఇవాళే అడిగి రాసిపెట్టండి.